ఈశాన్యం పల్లం

వాస్తు చూడటం మానేసి మూడేళ్లయింది. మానేశానని ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా పిలిస్తే నడుం నొప్పి అంటాను, లేదా కళ్లజోడు మార్చాలి అంటాను. మనవాళ్లకు అబద్ధం చెప్పడం సులువే. ఒంట్లో బాగాలేదంటే చాలు, ఇంకేమీ అడగకుండా మందులు చెప్పడం మొదలుపెడతారు.

అంతకుముందు కలకత్తాలో, మా గార్డెన్ రీచ్ చుట్టుపక్కల శ్రీకాకుళం వాళ్లెవరు ఇల్లు కొనాలన్నా, అద్దెకు దిగాలన్నా ముందు నాకు కబురు వచ్చేది. ధనుంజయ్ చూశాడా, చూడలేదా? అదీ లెక్క. నేనేమీ పండితుణ్ణి కాదు. ఓడల మరమ్మతు షెడ్డులో ముప్ఫై నాలుగేళ్లు స్టోర్‌కీపర్‌ని. మా మేనమామ ఇచ్చిన పాత పుస్తకం ఒకటి, పాత ఓడలోంచి ఊడదీసిన ఇత్తడి దిక్సూచి ఒకటి, ఇవే నా ఆస్తి. పైసా తీసుకునేవాణ్ణి కాదు. టీ, రెండు అరటిపళ్లు చాలనేవాణ్ణి. డబ్బు పుచ్చుకోనివాడి మాటకు జనం ఎక్కువ విలువిస్తారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే పుచ్చుకునేవాణ్ణి కాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారే, ఆ లోకువంతా నేను బాగా అనుభవించాను.

నా పద్ధతి ఒకటుండేది. ఏ ఇంట్లోకి వెళ్లినా ఇంటావిడను ఒక చెంబు నీళ్లడిగి గది మధ్యలో పోసేవాణ్ణి. నీళ్లు ఈశాన్యం మూలకు జారితే ఇల్లు మంచిది. ఈశాన్యం పల్లం, నైరుతి ఎత్తు. మా పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది ఆ మాట.

కూర్మయ్య నాకు సొంత అన్న కాదు, కానీ అంతకంటే ఎక్కువ. డాక్‌లో క్రేన్ కొక్కేనికి సరుకు తగిలించే పని చేసేవాడు. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో ఆరు నెలలు వాళ్లింట్లోనే తిన్నాను. ఆయన భార్య అప్పలకొండమ్మ, నాకు వదిన. మనిషి చూడటానికి నిదానం. కానీ ఆవిడ కంట్లో పడనిది లేదు. చేపలవాడు మూడు రోజుల చేపను మంచులో పెట్టి తెస్తే, బుట్ట దించకముందే పసిగట్టేది.

ఏడేళ్ల కిందట అన్న రిటైరైనప్పుడు రెండు ఇళ్లు చూశారు. ఒకటి రెండో అంతస్తులో, దక్షిణం గుమ్మం. ఇంకొకటి కింద, తూర్పు గుమ్మం. నేను కింద ఇంట్లో చెంబుడు నీళ్లు పోశాను. నేను గీత గీసి చూపించినట్టు తిన్నగా ఈశాన్యం మూలకు వెళ్లి అక్కడ నిలబడ్డాయి. నాకు ఒళ్లు పులకరించింది. అన్న బయట బిల్డర్ మనిషితో టీ తాగుతున్నాడు. గదిలో నేనూ వదినా ఇద్దరమే. ఆవిడ చీర కుచ్చెళ్లు కొంచెం పైకి పట్టుకుని ఆ మూలకు వెళ్లి నేలకేసి చూసింది.

“ఏటి మరిదీ, ఇక్కడ మరీ పల్లంగా ఉన్నాది. వానొస్తే బయట నీలు లోపలికి రావేటి?” అని అడిగింది.

నేను నవ్వాను. “రావాలనే కదా వదినా నేను చెప్పేది! ఈశాన్యంలో నీళ్లొస్తే లక్ష్మి వచ్చినట్టే” అన్నాను. నేను నవ్వాను కాబట్టి ఆవిడా నవ్వింది. కళ్లు మాత్రం నేల మీదే ఉన్నాయి. ఆ ఇల్లే కొన్నారు.

నాలుగేళ్లు ఏమీ కాలేదు. చీలమండలదాకా నీళ్లు రెండుసార్లు వచ్చాయి, పోయాయి. ఈ ఊళ్లో అది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఐదో ఏడు భాద్రపదంలో ఒక పొద్దున్న ఆగకుండా కుండపోతగా కురిసింది. గంగకు అదే సమయానికి పోటు. పోటు వేళ కాలువల తలుపులు మూసేస్తారు, లేకపోతే నదే ఊళ్లోకి వస్తుంది. మూసేస్తే ఊళ్లో నీళ్లకు దారి ఉండదు. ఉన్నచోటే పెరుగుతాయి. ఏ మూల నుంచి లక్ష్మి వస్తుందని నేను చెప్పానో ఆ మూల నుంచే నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. అన్న పాల కోసం వెళ్లాడు. వదిన బియ్యం డబ్బా తడవకుండా ఫ్రిజ్ మీద పెట్టబోయింది. కాళ్లు నీళ్లలో, చెయ్యి కరెంటున్న ఫ్రిజ్ మీద. అన్న తిరిగి వచ్చేసరికి పది నిమిషాలు కూడా కాలేదట.

శ్మశానంలో ఎవరో గొణిగారు, ఆ ఇల్లు పల్లంలో ఉందని. కూర్మయ్యన్న గయ్యిమన్నాడు. “నోరు ముయ్యండి. అది మా దనుంజై సూసిన ఇల్లు. ఇంట్లో దోసం నేదు. దాని రాత అలగున్నాది.” అందరి ముందూ నన్ను వెనకేసుకొచ్చాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. వదిన అడిగిందని ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పిరికివాణ్ణి. ఇందులో దాచడానికి ఏమీ లేదు.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దిక్కుల మీద అంత నమ్మకం ఉండి దెయ్యాల మీద లేకపోవడం ఏం న్యాయమో నాకే తెలియదు. కానీ ఆ తర్వాత ఏ ఇంట్లోకి వెళ్లినా ఈశాన్యం మూలలో వదిన ఉంటోంది. కుచ్చెళ్లు పైకి పట్టుకుని, నేలకేసి చూస్తూ. తల ఎత్తదు, తిట్టదు. నాకు కాళ్లు చల్లబడతాయి, మేజోళ్లు తడిసినట్టు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లినా ముందు ఈశాన్యం ఎటుందో చూసుకుని దానికి వీపు పెట్టి కూర్చుంటాను. మా ఆవిడ అరుంధతి మొదట్లో తిట్టింది, తర్వాత ఊరుకుంది.

ఈ ఏడు జ్యేష్ఠంలో ఒక ఆదివారం అన్న కొడుకు ఉమామహేశ్ వచ్చాడు. ఆ పాత ఇంటిని ఎవరిదో బట్టల గోడౌన్‌కు ఇచ్చేసి, మూడేళ్లుగా వాట్‌గంజ్‌లో అద్దెకు ఉంటున్నారు. ఇప్పుడు సొంత ఇల్లు కొనాలని రెండు ఫ్లాట్లు చూశారట.

“చిన్నాన్నా, నువ్వు వస్తే ఫైనల్. నాన్న జిద్ చేస్తున్నాడు” అన్నాడు. కలకత్తాలో పుట్టిన కుర్రాడు, మొండిపట్టుకు జిద్ అనే అంటాడు. తెలుగు మాట్లాడతాడు గాని అక్షరాలు గుర్తుపట్టడు. మా పుస్తకం చేతికిచ్చినా తలకిందులుగా పట్టుకుంటాడు.

నడుం నొప్పి అన్నాను. వాడు వెళ్లిపోయాడు. సాయంత్రానికి వాడి భార్య సునీత వచ్చింది, చంకలో పాపతో. పాపకు తొమ్మిదో నెల. దింపీ దింపకముందే మా నేల మీద అరచేతులతో చప్పుడు చేస్తూ పాకడం మొదలుపెట్టింది.

“చిన్నమామయ్యా, నువ్వు చూడకపోతే మామయ్య సంతకం పెట్టరంట. అద్దె ఇంట్లో వాళ్లు ఖాళీ చెయ్యమంటున్నారు. నీకు దండం పెడతాను” అంది. నేను పాపను చూస్తున్నాను. నేల మీద పాకే పిల్లకు నీళ్లు చీలమండల దాకా వస్తే ఎక్కడిదాకా వచ్చినట్టు? వస్తానన్నాను.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. మొదటిది మా గార్డెన్ రీచ్ వైపే, సందులో కింది ఫ్లాట్. కొత్త టైల్స్, తూర్పు గుమ్మం, గాలీ వెలుతురూ. దిక్సూచి తీయాల్సిన పని కూడా లేదు, ఈశాన్యం అంత చక్కగా పల్లంగా ఉంది. ఏడేళ్ల కిందటైతే ఎగిరి గంతేసేవాణ్ణి. సునీత నాకు అలవాటని చెంబుతో నీళ్లు తెచ్చింది. వద్దన్నాను. మూలలో వదిన నిలబడి ఉంది. పాప ఆ మూలకే పాకుతోంది. సునీత పరిగెత్తి ఎత్తుకుంది గాని, పరిగెత్తింది పాప దుమ్ము నోట్లో పెట్టుకుంటుందని.

“బీడీ తాగి వస్తాను” అని బయటపడ్డాను. బీడీ మానేసి ఇరవై ఏళ్లయింది, ఆ సంగతి వాళ్లకు తెలియదు.

సందు మొదట్లో కిరాణా కొట్టు ఉంది. అరలన్నీ కిక్కిరిసి ఉన్నాయి, అన్నిటికంటే కింది అర మాత్రం ఖాళీ. ఒక్క అగ్గిపెట్టె కూడా లేదు. “దాదా, కింది అర ఖాళీగా ఉంచారేం?” అని బెంగాలీలో అడిగాను. ఆయన లెక్కలు రాసుకుంటూ తల ఎత్తకుండా, “ఓటా జలేర్ జాయ్‌గా” అన్నాడు. అది నీళ్ల చోటు అని. మన ఇంట్లో ఇది పెద్దాయన కుర్చీ అని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

పక్కింటి తలుపు తీసే ఉంది. మంచం కాళ్ల కింద నాలుగేసి ఇటుకలు. ఫ్రిజ్ చెక్క బల్ల మీద ఎక్కి కూర్చుంది. గోడకు రంగు వేశారు గాని నా తొడ ఎత్తున ఒక గీత రంగులోంచి బయటికి వస్తోంది. గుమ్మంలో కూరగాయలు తరుగుతున్న ముసలావిడను అడిగితే కత్తిపీట పక్కన పెట్టి మరీ చెప్పింది. ఆ కొత్త బిల్డింగు సగం పాత చెరువు మీద లేచిందట. పోయిన ఏడాదే రాళ్లూ రప్పలూ పోసి పూడ్చారట. ఇదివరకు వాన నీళ్లన్నీ ఆ చెరువులోకి పోయేవి, ఇప్పుడు ఇళ్లలోకి వస్తున్నాయి. పోటు రోజున వాన పడితే మూడు నాలుగు రోజులు దిగవు. పైగా రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తారు, ఇళ్లు గుంటలో పడిపోతున్నాయి. ఇవన్నీ తెలుసుకోవడానికి నాకు పావుగంట పట్టింది. అప్పుడు వదిన ఇంటి దగ్గర ఈ పావుగంట నేను పెట్టలేదు. పుస్తకం చంకలో ఉండగా ముసలమ్మలను అడగడం ఏమిటనుకున్నాను.

రెండోది వాట్‌గంజ్ వైపు, రెండో అంతస్తు. ఇరుకు మెట్లు. దక్షిణం గుమ్మం, ఈశాన్యంలో వంటిల్లు, పుస్తకం ప్రకారం ఉండకూడనివన్నీ ఉన్నాయి. కింద కొట్టువాడు ఉప్పు బస్తాలు నేల మీద పేర్చాడు. అడుగు బస్తాను చేత్తో నొక్కి చూశాను, పొడిగా గలగలలాడుతోంది. కరెంటు మీటర్లు మనిషి తల కంటే ఎత్తులో ఉన్నాయి. ఈ ఇల్లు తీసుకోండి అని అక్కడే చెప్పేశాను. ఉమామహేశ్ నన్ను ఎగాదిగా చూశాడు.

సాయంత్రం వాళ్ల అద్దె ఇంటికి వెళ్లాం. కూర్మయ్యన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు, గోడ మీద వదిన ఫోటో కింద. నన్ను చూసి ముఖం విప్పారింది.

“రారా దనుంజై. ఏటంటావు?”

“రెండో ఇల్లు తీసుకోండి అన్నా.”

“దచ్చినం గుమ్మమా? నువ్వేనా అంటన్నావు?” అని నవ్వాడు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు.

మొదటి ఇంటి సంగతి చెప్పాను. కొట్టులో ఖాళీ అర, గోడ మీద గీత, పూడ్చిన చెరువు. ఆయన వింటూ వింటూ చెయ్యి ఊపేశాడు.

“నీలు కలకత్తా అంతా వస్తాయిరా. నీలొచ్చినాయని ఇల్లు సెడ్డదైపోద్దేటి? మన పాతింటికి దోసం ఉన్నాదా? నేదు. నువ్వే సూసినావు. మీ వొదిన రాత అంతే. పుస్తకం మాట ఎప్పుడూ తప్పనేదు. తూరుపు గుమ్మం, ఈసాన్యం పల్లం. ఇంకేటి కావాల? నాను మెట్లెక్కనేను కూడాను. ఒరే ఉమా, రేపే ఎల్లి ఆ కింద ఇంటికి బయానా ఇచ్చీ.”

“చిన్నాన్న వద్దంటున్నాడు కదా నాన్నా” అన్నాడు ఉమామహేశ్, గట్టిగా కాదు.

“మీ సిన్నాన్నకి వయసైపోనాది. భయపడతన్నాడు. నాకు నేదు భయం.”

ఉమామహేశ్ సరేనన్నట్టు ఫోన్ తీశాడు. సునీత మంచం కిందికి వంగి పాపను పిలిచింది. కోడలు ఏమంటుంది? పాప మంచం కింద నుంచి బయటికి వచ్చి నేల మీద అరచేతులు చరుస్తోంది, టప్ టప్ అని. అది పాకుతున్నది ఏ దిక్కుకో చూడాలనిపించలేదు. నా నమ్మకాన్నే నమ్ముకుని ఈయన ఈ పిల్లను తీసుకెళ్లి ఆ పల్లంలో పెడుతున్నాడు. నేను పెట్టిన నమ్మకాన్ని నేనే తీసేయాలి, ఇంకెవరి వల్లా కాదు. ఇరవై మంది ముందు బట్టలు విప్పమన్నా అంత సిగ్గుపడేవాణ్ణి కాదేమో.

“అన్నా, వదిన అడిగింది.”

“ఏటి?”

“ఆ ఇల్లు చూసిన రోజు. నువ్వు బయట టీ తాగుతున్నావు. ఆ మూలలో నిలబడి, ఇక్కడ పల్లంగా ఉంది, నీళ్లు లోపలికి రావా అని అడిగింది. నేను నవ్వాను. నీళ్లొస్తే లక్ష్మి అన్నాను. నాకు ఏమీ తెలియదన్నా. ఆ సందులో నీళ్లు నిలుస్తాయో లేదో ఒక్కణ్ణి అడగలేదు. చెంబుడు నీళ్లు పోసి చూశాను, అంతే. ఆవిడకు తెలిసింది, నాకు తెలియలేదు. రాత కాదన్నా. నేనే.”

ఉమామహేశ్ ఫోన్ పక్కన పెట్టాడు. వాడు నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. కూర్మయ్యన్న నా వైపు కాకుండా గోడ మీద ఫోటోకేసి చూశాడు.

“నాకూ అడిగినాది” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“ఆ పొద్దు ఇంటికొచ్చినాక అడిగినాది. అయ్యా, ఆ మూల పల్లంగా ఉన్నాది, ఆ మేడ మీదిదే తీసుకుందారి అన్నాది. నానేటన్నానో తెల్సా? దనుంజై సూసినాడు, ఆడికి తెల్దా, నీకేటి తెల్సు, నోరు ముయ్యి అన్నాను. మల్లీ ఆ మాట ఎత్తనేదది. ఆ ఇంట్లో నాలుగేళ్లు ఉండి కూడా ఎత్తనేదు.”

ఆయన గొంతు పెరగలేదు. దానికే నాకు భయమేసింది.

“మూడేళ్లురా. నువ్వు తెలిసినోడివి, తెలిసే సెప్పినావు, నాను తెలిసినోడి మాట ఇన్నాను, అంతకి మించి ఏ మొగుడైనా ఏటి సేస్తాడు, ఇంక మిగిల్నది దాని రాత అనుకొని బతికినాను. నువ్వు తెల్వకండా సెప్పినావన్నమాట. తెలిసిందల్లా దానికే. దాన్ని నాను నోరు ముయ్యమన్నాను. ఇప్పుడు నాకేటి మిగిల్చినావు సెప్పు?”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఒక ఎత్తు. ఆ కాలిన చేతులతో ఇంకొకరిని ముట్టుకోవడం ఇంకో ఎత్తు. పాపను బతికించాలనే చెప్పాను. నా బరువు దింపుకోవాలని కూడా చెప్పానేమో, ఆ వాటా ఎంతో నాకే తెలియదు.

ఆయన కొడుకు వైపు తిరిగాడు. “ఆ దచ్చినం గుమ్మం ఇంటికే బయానా ఇచ్చీ. నన్ను మొయ్యాలొస్తే మొయ్యి.” తర్వాత నాతో అన్నాడు, “నువ్వెల్లు.”

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. సునీత గుమ్మందాకా వచ్చింది, కళ్లు తుడుచుకుంటూ. పాపను నా చేతికి అందించి ఒక నిమిషం ఉంచింది.

శ్రావణంలో గృహప్రవేశం అయింది. సునీత ఫోన్ చేసి రమ్మంది. మామయ్య పిలవమన్నారా అని అడిగితే, “నువ్వు రా చిన్నమామయ్యా” అని మళ్లీ అదే మాట అంది. వెళ్లలేదు. అరుంధతిని చీర, పళ్లు ఇచ్చి పంపించాను.

ఒకటి చెప్పాలి. ఆ సాయంత్రం తర్వాత వదిన నాకు కనబడలేదు. మా ఇంట్లో, బంధువుల ఇళ్లలో, ఎక్కడా. మూలలన్నీ ఖాళీ. మొదటి వారం నాకు ప్రాణం లేచి వచ్చినట్టు ఉంది. తర్వాత భయం పట్టుకుంది. ఆవిడ ఎక్కడికీ పోలేదేమో, నా దగ్గర నుంచి లేచి అన్న దగ్గరకు వెళ్లిందేమో, ఆ కొత్త ఇంట్లో వంటింటి మూలన కుచ్చెళ్లు పట్టుకుని నిలబడిందేమో. ముసలాయన ఒక్కడే ఉండే వేళ ఆ మూలకేసి చూస్తున్నాడేమో. ఎవరిని అడగను?

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం వాన మొదలైంది. పోటు వేళ ఎప్పుడో చూశాను, ఈ మధ్య పంచాంగం కంటే అదే ఎక్కువ చూస్తున్నాను. రెండు గంటల్లో ఊరు మునిగింది. మర్నాడు కూడా దిగలేదు. గొడుగు వేసుకుని ఆ మొదటి ఇంటి సందుకు వెళ్లాను. సందు మొదట్లోనే మోకాలు దాటింది. కొట్టువాడు రెండో అర కూడా ఖాళీ చేస్తున్నాడు. ఆ కింది ఫ్లాట్ ఎవరో కొన్నారు. కిటికీ చువ్వల మధ్య నుంచి ఎవరిదో పరుపు కనబడింది, నీళ్ల మీద మెల్లగా తిరుగుతోంది. మనుషులు పైకి ఎక్కేశారని పక్కింటి ముసలావిడ చెప్పింది. ఊపిరి పీల్చుకుని ఇంటికి వచ్చాను.

కాళ్లు కడుక్కుంటుంటే సునీత ఫోన్ చేసింది.

“చిన్నమామయ్యా, మాకు ఇంట్లోకి రాలేదు. కింద మెట్ల దాకా కూడా రాలేదు. నీకు చెప్పాలనిపించింది.”

“పాప ఎలా ఉంది?”

“నిలబడుతోంది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసింది.”

నాకు సంతోషం ఆగలేదు. ఆ సంతోషంలో అడగకూడనిది అడిగేశాను. “అన్నకు ఒకసారి ఫోన్ ఇస్తావా అమ్మా?”

ఫోన్‌లో కూర్మయ్యన్న గొంతు వినబడింది, బాగా దగ్గరగా. ఇంకొక్క ముద్ద తినమని పాపను బతిమాలుతున్నాడు.

“మామయ్య పడుకున్నారు” అంది సునీత.

“సరేనమ్మా. పడుకోనీ” అన్నాను.